‘ఎక్కువ’ అని ఉంటే కూడేస్తోంది, పాపకి లెక్కలు రానట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు చకచకా చేస్తుంది. కానీ హోంవర్క్‌లో వర్డ్ ప్రాబ్లమ్ వస్తే బిగుసుకుపోతుంది. మొన్న ‘రాము దగ్గర 12 గోళీలు ఉన్నాయి. ఇవి గీత దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని ఉన్నాయి?’ అన్నదానికి 17 అని రాసింది. ఎందుకు కూడావంటే ‘ఎక్కువ అని ఉంది కదమ్మా’ అంది. నిన్న ఇంకొకటి: ‘నలుగురు పిల్లలకు 12 పెన్సిళ్ళు ఇచ్చారు. మొత్తం ఎన్ని పెన్సిళ్ళు ఇచ్చారు?’ పాప 12 అని రాస్తే టీచర్ గారు తప్పు కొట్టి 48 అని దిద్దారు. ఆ ప్రశ్న నాకే అర్థం కాలేదు. మా వారు ‘దీనికి లెక్కలు రావు, ట్యూషన్ పెట్టేద్దాం’ అంటున్నారు. రోజూ రాత్రి ఏడుపులు, టెన్షన్. పాపకి నిజంగా లెక్కలు రావా? ప్రశ్నే తప్పని పాపతో అనొచ్చా?

సమాధానం:

అమ్మా, మీ పాపకి లెక్కలు వచ్చు. మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. పాప రాసిన రెండు జవాబుల్లోనూ కనిపిస్తున్నదే చెప్తున్నాను. 12కి 5 కలిపితే 17 అని తనకి తెలుసు, తడుముకోలేదు. రెండో లెక్కలో రాసిన 12 అయితే అసలు తప్పే కాదు. అక్కడ తప్పు ప్రశ్నదే. ఆ మాట పాపతో అనొచ్చు, అనాలి కూడా. ఎలా అనాలన్నది కాసేపట్లో చెప్తాను.

ముందు ఈ రెండు లెక్కల్నీ విడదీసి చూడండి. గోళీల లెక్కలో ప్రశ్న సరిగ్గానే ఉంది, కాకపోతే మెలికతో ఉంది. ఆ మెలిక విప్పడం పాప నేర్చుకోవాలి. పెన్సిళ్ళ లెక్కలో ఉన్నది మెలిక కాదు, వాక్యంలో ఒక ముక్క ఎగిరిపోయింది. అది పాప నేర్చుకుంటే పోయేది కాదు, రాసినవాళ్ళు సరిచేస్తేనే పోతుంది. నోట్‌బుక్‌లో మాత్రం రెండింటి పక్కనా అదే ఎర్ర ఇంటూ మార్కు ఉంటుంది. అందుకే ఇంట్లో రెండింటినీ కలిపి ‘లెక్కలు రావు’ అని ఒకే మూట కట్టేస్తారు.

గోళీల దగ్గరికి వద్దాం. ‘ఇవి గీత దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ.’ పెద్దవాళ్ళం ‘ఇవి’ అన్నచోట ఒక్క క్షణం వెనక్కి తిరిగి రాము గోళీల వైపు చూస్తాం. అలా చూసినట్టు మనకే తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ రెండక్షరాల మాటని దాటేసి వెళ్ళిపోతుంది. తన కంటికి గట్టిగా కనిపించేవి గీత, 5, ఎక్కువ. ఆ మూడింటినీ కలిపి చదివితే ‘గీత దగ్గర 5 ఎక్కువ’ అనే వస్తుంది. దానికి 17 సరైన జవాబే. అంటే పాప తను చదివిన ప్రశ్నకి ఒప్పే రాసింది. పుస్తకంలో ఉన్నది వేరే ప్రశ్న, అంతే. నమ్మకం కుదరకపోతే ఇవాళ ఇదే లెక్కని ‘రాము దగ్గర 12 ఉన్నాయి. గీత దగ్గర రాము కంటే 5 తక్కువ ఉన్నాయి’ అని తిప్పి అడగండి. ఠక్కున 7 అంటుందని నా నమ్మకం.

ఇలాంటి మెలికకి పడేది చిన్నపిల్లలే కాదు. 1980ల మొదట్లో అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థుల మీద ఒక చిన్న ప్రశ్న ప్రయోగించి చూశారు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల సంఖ్యకి ఆరు రెట్లు విద్యార్థులు ఉన్నారు, విద్యార్థులకి ‘ఎస్’, ప్రొఫెసర్లకి ‘పి’ అనుకుని సమీకరణం రాయమన్నారు. నూటికి 37 మంది తప్పు రాశారు. వాళ్ళలో ఎక్కువమంది చేసింది ఒకటే తప్పు: ఆరుని విద్యార్థుల వైపు పెట్టి 6ఎస్ = పి అన్నారు. దాని ప్రకారం విద్యార్థుల కంటే ప్రొఫెసర్లే ఆరు రెట్లు ఉండాలి. ఇంజనీరింగ్‌లో సీటు తెచ్చుకున్నవాళ్ళకి ఆరో ఎక్కం రాకకాదు కదా.

‘కంటే ఎన్ని ఎక్కువ’ అనే పలుకుబడే పిల్లలకి బరువు. దీని మీద 1983లో హడ్సన్ అనే పరిశోధకుడు ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం, పిల్లలకి లెక్కలు చెప్పే ప్రతివాళ్ళకీ తెలియాలనిపిస్తుంది. బొమ్మలో కొన్ని పక్షులు, అంతకంటే తక్కువ పురుగులు ఉంటాయి. ‘పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ?’ అని కిండర్‌గార్టెన్ పిల్లల్ని అడిగితే నూటికి 25 మంది సరిగ్గా చెప్పారు. ‘పక్షులన్నీ ఎగిరొచ్చి తలా ఒక పురుగుని పట్టుకోబోతే, ఎన్ని పక్షులకి పురుగు దొరకదు?’ అని అడిగితే 96 మంది చెప్పారు. అవే బొమ్మలు, అదే తీసివేత. మారిందల్లా మాటలు. రెండో ప్రశ్నలో పిల్లల కళ్ళ ముందు ఒక కథ నడిచింది, ఖాళీగా మిగిలిపోయిన పక్షి కనిపించింది. మొదటి ప్రశ్నలో ‘ఎక్కువ’ అనే మాట ఒక్కటే ఉంది, పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

‘ఎక్కువ అని ఉంది కదమ్మా’ అన్న పాప మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అది తను సొంతంగా కనిపెట్టింది కాదు, ఎవరో ఎప్పుడో నేర్పింది. ‘మొత్తం’ అంటే కూడు, ‘మిగిలినవి’ అంటే తీసెయ్యి, ‘ఎక్కువ’ అంటే కూడు, ‘తలా’ అంటే భాగించు. చాలా క్లాసుల్లో ఈ జాబితా గోడమీద చార్టుగా కూడా ఉంటుంది. నేను టీచరుగా ఉన్న రోజుల్లో నా క్లాసులోనూ ఉండేది. పిల్లలు త్వరగా జవాబు రాస్తారు కాబట్టి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. రెండు, మూడేళ్ళు గడిచాక గానీ అది చేసే నష్టం నాకు కనబడలేదు. పిల్లలు ప్రశ్న చదవడం మానేస్తారు. ఆ నాలుగు మాటల కోసం వెతికి, అవి దొరకగానే దగ్గర్లో ఉన్న రెండు అంకెల్ని పట్టుకుని పని ముగిస్తారు.

అది ఎంతదూరం పోతుందో 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఒక పరిశోధక బృందం చూపించింది. ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసు ఎంత?’ అని రెండు, మూడు తరగతుల స్థాయి పిల్లలు 97 మందికి ఇచ్చారు. అందులో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి కెప్టెన్‌కి ఒక వయసు కట్టేశారు. వాళ్ళేమీ తెలివితక్కువ పిల్లలు కారు. లెక్క ఇచ్చారంటే జవాబు ఉండే తీరుతుందని, అడిగితే తిడతారని బడి నేర్పింది. వాళ్ళు బుద్ధిగా నేర్చుకున్నారు. మీ పాప కూడా అలాగే బుద్ధిగా నేర్చుకుంది. ఇప్పుడు దాన్ని మరిపించాలి.

ఇక పెన్సిళ్ళు. ‘నలుగురు పిల్లలకు 12 పెన్సిళ్ళు ఇచ్చారు.’ ఈ వాక్యం ఎవరు చదివినా ముందు వచ్చే అర్థం అందరికీ కలిపి 12 అనే. టీచర్ గారి మనసులో ఉన్నది ఒక్కొక్కరికి 12. ‘మొత్తం ఎన్ని’ అని అడిగారు కాబట్టి 12 మొత్తం అయ్యుండదులే అని పెద్దవాళ్ళు ఊహించగలరు. కానీ అది ప్రశ్న చదవడం కాదు, రాసినవాళ్ళ మనసు చదవడం. మూడో తరగతి పిల్ల నుంచి అది ఆశించకూడదు. నిజానికి ఈ తేడా చెప్పడానికి తెలుగులో మాటలకి కొదవ లేదు. తలా 12, ఒక్కొక్కరికి 12, 12 చొప్పున. వీటన్నిటికంటే పొట్టిది, నాకు చాలా ముద్దొచ్చేది ‘ఏసి’: రెండేసి, మూడేసి, పన్నెండేసి. ‘నలుగురికి మూడు ఇచ్చారు’, ‘నలుగురికి మూడేసి ఇచ్చారు’. ఆ చిన్న తోకే మూడుని పన్నెండు చేస్తుంది. ప్రశ్నపత్రాల్లో సంఖ్యని మాటల్లో కాకుండా అంకెల్లో రాస్తారు కదా, 12 పక్కన ‘ఏసి’ తగిలించడం కుదరదు. అక్కడే అది జారిపోతుందని నా అనుమానం. నోటితో చదివేటప్పుడు టీచర్ గారు ‘పన్నెండేసి’ అనే అని ఉంటారు. కాగితం మీదికి 12 మాత్రమే వచ్చింది.

ఈ జాతి మాటలు ఇంకొన్ని ఉన్నాయి, మీరు గుర్తుపట్టి ఉంచుకుంటే చాలు. బస్సులో 30 మంది ఉంటే ‘10 పెరిగారు’ అన్నా, ‘40కి పెరిగారు’ అన్నా ఒకటే. కానీ ‘40 పెరిగారు’ అంటే 70 మంది. ఒక్క ‘కి’ తేడా. ‘5వ పేజీ నుంచి 12వ పేజీ వరకు చదివితే ఎన్ని పేజీలు?’ అంటే జవాబు 8, పిల్లలు 12లోంచి 5 తీసేసి 7 అంటారు. అదే ‘5కీ 12కీ మధ్య ఎన్ని సంఖ్యలు ఉన్నాయి?’ అంటే 6. అంకెలు అవే, 6, 7, 8 మూడూ జవాబులుగా తిరుగుతుంటాయి. పేజీల్ని చేత్తో తిప్పించి లెక్కపెట్టిస్తే ఈ గొడవ ఒక్కరోజులో తీరిపోతుంది. ‘మూడు రెట్లు ఎక్కువ’ అనేది మాత్రం తీరని గొడవ. 4కి మూడు రెట్లు ఎక్కువ అంటే కొందరు 12 అంటారు, కొందరు 4 మీద ఇంకో మూడు రెట్లు కలిపి 16 అంటారు. ప్రశ్నల్లో ఆ మాట వాడకుండా ‘మూడు రెట్లు’ అని ఊరుకుంటే మంచిది.

పాప చదివేది ఇంగ్లిష్ మీడియం అయితే ఇంకో ఇబ్బంది కలుస్తుంది. ‘15 నుంచి 8 తీసివెయ్యి’ అని తెలుగులో అంటే 15 ముందు, 8 తర్వాత. లెక్క రాసే వరుసా అదే. ఇంగ్లిష్‌లో ‘సబ్‌ట్రాక్ట్ 8 ఫ్రమ్ 15’ అంటారు, వరుస తిరగబడుతుంది. ఇంట్లో తెలుగులో ఆలోచించే పిల్ల 8 ముందు రాసి, దాని కింద 15 రాసి, ఎలా తీసెయ్యాలో తెలియక మీ ముఖం చూస్తుంది. అలాంటప్పుడు ప్రశ్నని ఒకసారి తెలుగులో చెప్పించండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు రాత్రిపూట చేయాల్సింది. ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ అనే పరిశోధకురాలు 1970ల్లో ఒక పద్ధతి తయారుచేశారు. పిల్లలు మాటల లెక్క తప్పు చేసినప్పుడు వాళ్ళు ఎక్కడ జారారో తెలుసుకోవడానికి వరుసగా అడగాలి. ప్రశ్న పైకి చదువు. ఏం అడుగుతున్నారో చెప్పు. ఎలా చేద్దామనుకుంటున్నావో చెప్పు. చేసి చూపించు. ఇప్పుడు జవాబు పూర్తిగా రాయి. చాలామంది పిల్లలు కూడికా, తీసివేతా మొదలుపెట్టకముందే, మొదటి మూడు మెట్ల మీదే పడిపోతారు. మనం ఇంట్లో దిద్దేది మాత్రం ఎప్పుడూ నాలుగో మెట్టునే. ‘మళ్ళీ చెయ్యి, సరిగ్గా చూసి చెయ్యి’ అంటాం. పాప మళ్ళీ కూడుతుంది, మళ్ళీ 17 వస్తుంది, ఏడుస్తుంది.

మీకు నేను చెప్పేది ఇంకా చిన్న పని. చిన్న కాగితం ముక్కలతో ప్రశ్నలోని అంకెలు కప్పేయండి. ‘రాము దగ్గర కొన్ని గోళీలు ఉన్నాయి. ఇవి గీత దగ్గర ఉన్నవాటి కంటే కొన్ని ఎక్కువ.’ ఇప్పుడు అడగండి: ‘ఇవి అంటే ఏవి?’ పాప కాస్త తడబడి ‘రామువి’ అంటుంది. ‘అయితే ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి?’ ‘రాము దగ్గర.’ ‘మరి గీత దగ్గర?’ ‘తక్కువ.’ ఒక కాగితం మీద రాముకి పొడుగు గీత, దాని కింద గీతకి పొట్టి గీత గీయమనండి. అప్పుడు కాగితం ముక్కలు తీసి, పొడుగు గీత పక్కన 12, అందులో పొట్టి గీతని దాటి మిగిలిన భాగం మీద 5 రాయమనండి. ఇక మీరు మాట్లాడకండి. 17 అని రాయబోయే చెయ్యి దానంతట అదే ఆగుతుంది, ఎందుకంటే పొట్టి గీత 12 కంటే పెద్దది అవ్వడం కుదరదని తన కళ్ళకే తెలుస్తుంది. అంకెలు కనిపించినంతసేపూ పిల్లలకి ఏదో ఒకటి చేసెయ్యాలనే తొందర ఉంటుంది. అవి లేకపోతే కథ వినక తప్పదు.

‘కూడాలా, తీసెయ్యాలా అమ్మా?’ అని పాప అడిగినప్పుడు జవాబు చెప్పకండి. చెప్పేస్తే ఆ పూటకి హోంవర్క్ అయిపోతుంది, రేపు మళ్ళీ అదే ప్రశ్న. ‘ముందు కథ చెప్పు’ అనండి, విసుక్కోకుండా అనండి. రాత్రికి ఇలా ఒకటి, రెండు లెక్కలు చాలు. నిద్ర ముంచుకొచ్చే వేళ పది లెక్కలు చేయించడం వల్ల ఏడుపు తప్ప ఏమీ రాదు.

జవాబు వచ్చాక కూడా దాన్ని కథలోకి తీసుకెళ్ళి సరిచూడటం అలవాటు చేయండి. 1980ల మొదట్లో అమెరికా జాతీయ స్థాయి పరీక్షలో పదమూడేళ్ళ పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు. ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని తీసుకెళ్ళాలంటే ఎన్ని బస్సులు కావాలి? నూటికి 70 మంది దాకా భాగహారం సరిగ్గా చేశారు. కానీ 32 బస్సులు అని రాసింది 23 మందే. మరో 29 మంది ‘31, శేషం 12’ అని రాశారు. శేషం 12 అంటే రోడ్డు మీద నిలబడిపోయిన 12 మంది మనుషులు. మీ పాపకి ఇప్పటినుంచే ‘జవాబుని ఒక పూర్తి వాక్యంగా చెప్పు’ అనండి. ‘గీత దగ్గర 17 గోళీలు ఉన్నాయి, రాము దగ్గర అంతకంటే ఎక్కువగా 12 ఉన్నాయి’ అని పైకి చెప్తే తనకే నవ్వొస్తుంది.

ప్రశ్న తప్పని పాపతో అనడం గురించి. అనండి, కానీ ‘మీ టీచర్‌కి ఏమీ రాదు’ అనకండి. ‘ఈ వాక్యాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. నువ్వు ఒకలా చదివావు, టీచర్ గారు ఇంకోలా అనుకున్నారు. నువ్వు చదివినదానికి నీ జవాబు ఒప్పే’ అనండి. అది నిజం కూడా. ఇలాంటి ప్రశ్న మళ్ళీ ఎదురైతే పాప ఏం చేయాలో కూడా చెప్పాలి. తను ఎలా అనుకుందో జవాబు పక్కన రాయాలి: ‘అందరికీ కలిపి 12 అనుకున్నాను’. ఇది నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. ఒకసారి పరీక్షకి నేనే ఇలాంటి ప్రశ్న ఇచ్చాను, ‘ఒక్కొక్కరికి’ అనే మాట మర్చిపోయి. ఒక పేపర్లో జవాబు పక్కన పెన్సిల్‌తో చిన్నగా ‘ఒక్కొక్కరికా?’ అని ఉంది. తొందరలో ఉన్నాను, తప్పు కొట్టేశాను. ఆ రాత్రి కట్ట సర్దుతుంటే ఆ మాట మళ్ళీ కంటపడింది. మర్నాడు క్లాసులో ప్రశ్న తప్పు నాదేనని చెప్పి అందరి మార్కులూ దిద్దాను. ఆ తర్వాత ఆ పిల్లలు ప్రశ్న అర్థం కాకపోతే చెయ్యి ఎత్తడానికి భయపడలేదు.

కాబట్టి టీచర్ గారికి డైరీలో రెండు ముక్కలు రాయండి, ఫిర్యాదులా కాకుండా. ‘12 అనేది అందరికీ కలిపా, ఒక్కొక్కరికా అని పాపకి సందేహం వచ్చిందండీ. కలిపి అనుకుని 12 రాసింది. ఒక్కొక్కరికి అయితే 48 అని ఇప్పుడు అర్థమైంది.’ ఇంతే. ఒకేసారి అన్ని నోట్‌బుక్‌లు దిద్దేవాళ్ళకి ఒక్కో పిల్ల ఏ దారిన వచ్చిందో కనపడదు, ఇలా రాస్తే కనపడుతుంది. మార్కు దిద్దినా, దిద్దకపోయినా పట్టించుకోకండి.

ట్యూషన్ తొందరపడి పెట్టకండి. చాలాచోట్ల అక్కడా చేయించేది లెక్కలే, చదివించడం కాదు. దాని బదులు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పాప తప్పు చేసిన లెక్కల్నే మీరు నెమ్మదిగా, అర్థం తెలిసేలా పైకి చదివి వినిపించండి. వింటే చేయగలిగి, చదివితే చేయలేకపోతోందంటే ఇబ్బంది లెక్కల్లో కాదు, చదవడంలో ఉంది. రోజూ పావుగంట కథలు పైకి చదివించండి. అక్షరాలు తారుమారవుతున్నాయనో, వరుస దాటిపోతోందనో, కళ్ళు చికిలించి చూస్తోందనో అనిపిస్తే కళ్ళ డాక్టర్‌కి చూపించి, టీచర్ గారితో కూడా మాట్లాడండి. విన్నా అర్థం కాకపోతే కాగితం ముక్కల పద్ధతి ఇంకొన్నాళ్ళు ఓపిగ్గా సాగించండి.

మీ వారికి కూడా ఒక పని ఉంది. వారానికి ఒక రోజు హోంవర్క్ పక్కన పెట్టి, పాపనే ఒక మాటల లెక్క రాయమనండి. నాన్న చేయాలి. ముందుగా ఆ నలుగురు పిల్లలు, పెన్సిళ్ళ లెక్కనే తన మాటల్లో తిరిగి రాయమనండి. నాన్న చదివి ‘అందరికీ కలిపా, తలా?’ అని అడగాలి. అప్పుడు పాప ఏ మాట కలిపి దిద్దుతుందో చూసి, నాకు మళ్ళీ రాయండి.